పెద్దరాములు మెడలో మాయమైన నరం

మా ఫ్యాక్టరీలో మేనేజరు గది మేడ మీద ఉండేది. పెద్దరాములు కూర్చునే చోటు దానికంటే ఎత్తు. ఈ సంగతి పెద్దరాములు ఎన్నడూ మరిచిపోలేదు, మమ్మల్నీ మరిచిపోనివ్వలేదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఇనుము కరిగించి పోతపోసే ఫ్యాక్టరీ మాది. షెడ్డు కప్పు కింద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాల మీద నడిచే పెద్ద క్రేను ఉండేది. దానికి వేలాడే ఇనుప గూటిలో పెద్దరాములు. కింద ఇసుకలో నేనూ, నాలాంటి ఖలాసీలూ. మేం బరువుకు వైరు తాడు చుట్టి చెయ్యి ఊపుతాం, ఆయన ఎత్తుతాడు. కరిగిన ఇనుము నిండిన బకెట్టును మా పక్క నుంచి తీసుకుపోయేటప్పుడు కూడా అందులో అల కదిలేది కాదు. పెళ్లికూతుర్ని పీటల మీదికి తెచ్చినట్టు తెచ్చి దించేవాడు. అందుకే ఆయన ఎంత తిట్టినా పడేవాళ్లం. పైనుంచి తిట్లు పడటమే నయం, ఇనుము పడటం కంటే.

ఆయనది కర్దనూరు. భూమి ఉన్న ఇంటి మనిషి. ఫ్యాక్టరీలు వచ్చిన కొత్తలో మా షెడ్డు కడుతుంటే ఇటుకలు మోయడానికి వచ్చాడు. షెడ్డు పూర్తయ్యాక అందరూ పోయారు, ఈయన లోపలే ఉండిపోయాడు. మొదట మాలాగే ఖలాసీ. పాత ఆపరేటరు అన్నం తినడానికి దిగినప్పుడల్లా పైకెక్కి లివర్లు పట్టుకుని చూసేవాడు. ఆ పెద్దమనిషి పని మానేసేనాటికి ఈయన చెయ్యి ఆయన చెయ్యి కంటే మెత్తనయింది. అప్పటినుంచి ఆ గూడు పెద్దరాములుది. నేల మీద పని అంటే ఆయనకు పడదు. ఇంట్లో కూడా మంచం దిగి కూర్చోడని ఆయన భార్య కౌసల్య అందరికీ చెప్పేది. నాతో ఒకసారి అంది, "పొద్దంత దేవునిలెక్క మీద కూసుంటడు యాదన్నా, ఇంటికొచ్చినంక గూడ దిగడు."

ఇక ఆయన పన్ను. ఎడమ పక్క కింది దవడ పన్ను ఒకటి పుచ్చి, సగం విరిగింది. పటాన్‌చెరులో పళ్ల డాక్టరు దానికి తొడుగు వేయాలి, తొడుగు హైదరాబాదులో చేయించి తెప్పించాలి, కొన్ని రోజులు ఆగమన్నాడు. పెద్దరాములుకు ఆగడం రాదు. కొలత ఇవ్వు, మిగతాది మేం చూసుకుంటాం అని, మైనం అచ్చు జేబులో పెట్టుకుని వచ్చి సూర్యారావు ముందు పెట్టాడు.

సూర్యారావు మా లేతు మెషిన్ మీద పనిచేసేవాడు. గోదావరి పక్క నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో నౌకరీ అని వచ్చి, అది దొరక్క మా దగ్గర ఆగాడు. పనిలో తనంత గట్టివాడు ఈ చుట్టుపక్కల లేడని ఆయనకు నమ్మకం. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. మిగిలిపోయిన స్టీలు కడ్డీ ముక్క తీసుకుని, అన్నం వేళల్లో కూర్చుని, రెండు చెడగొట్టి మూడోది చేశాడు. ఆకురాయి పట్టి, గుడ్డతో రుద్ది అద్దంలా మెరిపించాడు. పళ్ల డాక్టరు దాన్ని సిమెంటుతో అతికించి, ఇది ఏ ల్యాబులో చేశారని అడిగాడట. ఆ మాట విన్న రోజు సూర్యారావు మా అందరికీ టీ పోయించాడు.

అప్పటినుంచి పెద్దరాములు పైన నవ్వితే షెడ్డు దీపాలకు తళుక్కుమనేది.

కానీ ఆ ముక్క కంపెనీది. మా దగ్గర ఇనుప రజను కూడా గేటు దాటకూడదు. సాయంత్రం బయటికి పోయేటప్పుడు కాపలాదారు ఒక్కొక్కణ్ణి నిలబెట్టి, "ఇనుము, ఇత్తడి ఏమన్న ఉన్నదా?" అని అడుగుతాడు. మేం రెండు చేతులూ పైకెత్తి "ఏం లేదు" అంటాం. జేబులు తడుముతాడు, టిఫిన్ డబ్బా తెరుస్తాడు. పన్ను పెట్టించుకున్న కొత్తలోనే, ఒకాయన డబ్బాలో ఇత్తడి బోల్టు దొరికి పని పోయింది. అది చూశాక పెద్దరాములు జాగ్రత్తపడ్డాడు. ఇస్త్రీ చొక్కా కనబడితే చాలు, ఎడమ పక్క పెదవి మూసేసేవాడు. మాట కుడి పక్క నుంచే, నవ్వు కుడి పక్క నుంచే. మాతో ఉన్నప్పుడు మాత్రం నోరంతా తెరిచేవాడు. కొన్నాళ్లకు అది ఆయనకు అలవాటయింది, మాకు చూసి నవ్వుకోవడం అలవాటయింది.

రెండువేల మూడులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక పొద్దున ఆయనకు పైన కళ్లు తిరిగాయి. కొక్కేనికి బరువు ఉంది. గూటి లోంచి వంగి కిందికి చూశాడు, షెడ్డు గిర్రున తిరిగింది. అంతలోనూ బరువును ఇసుకలో పెట్టి, స్విచ్చి ఆపి, నిచ్చెన పట్టుకుని దిగాడు. దిగి ఇసుకలో చతికిలబడ్డాడు. ఆయన నేల మీద కూర్చోవడం మేం అప్పుడే చూశాం. ఏం చేయాలో తోచక చుట్టూ నిలబడ్డాం.

కంపెనీ డాక్టరు గదికి తీసుకుపోయారు. అక్కడికి నరసింహమూర్తి గారు కూడా వచ్చారు. ఆయన మా పర్సనెల్ ఆఫీసరు. ఉద్యోగాలు ఇవ్వడం, తీసేయడం ఆయన చేతిలో పని. చాలా మర్యాదస్తుడు. మామూలుగా మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, పని తీసేసే ముందు మాత్రం "గారూ" అంటారు. ఆయన చొక్కా ఇస్త్రీ మడతకు వేలు తగిలితే తెగుతుందనిపించేది.

డాక్టరు చేతులెత్తమన్నాడు, ఎత్తాడు. నాలుక చాపమన్నాడు, చాపాడు. పళ్లు చూపించమన్నాడు. పక్కన ఇస్త్రీ చొక్కా. పెద్దరాములు కుడి పక్క పళ్లు చూపించాడు. మళ్లీ చూపించమంటే మళ్లీ కుడివే చూపించాడు. డాక్టరు ముఖం మారింది. ముఖం ఒక పక్క పడిపోయింది, ఇది పక్షవాతం మొదలు కావచ్చు, మెడలో, తలలో ఉన్న రక్తనాళాలకు స్కానింగ్ తీయించాలి, అంతదాకా క్రేను ఎక్కించొద్దు అని రాసిచ్చాడు.

కంపెనీ వ్యానులో నన్ను తోడిచ్చి హైదరాబాదు పంపారు. దారిలో పెద్దరాములు అసలు సంగతి చెప్పాడు. పెదవికి ఏమీ కాలేదు, పన్ను దాచడానికే మూశాను అన్నాడు. మరి ఆ మాట డాక్టరుతో చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్తే ఏమైతది? గీ మూర్తిసారు పన్ను జూస్తడు. దొంగతనమంటడు. క్రేన్ పోతది. చెప్పకుంటే ఏమైతది? ఫోటో దీస్తరు. ఫోటోల ఏమీ ఉండదు. మల్ల ఎక్కుత. నువ్వు జెర ఊకో."

లెక్క నాకూ సరిగానే అనిపించింది.

స్కానింగ్ సెంటర్లో బెల్టు తీయమన్నారు, తాయత్తు తీయమన్నారు, గడియారం తీయమన్నారు. అవన్నీ నా ఒడిలో పోసి ఆయన లోపలికి పోయాడు. అక్కడి మనిషి తలుపు దగ్గర ఆపి, ఒంట్లో గానీ ఒంటి మీద గానీ ఇనుము, మరే లోహమైనా ఉందా అని అడిగాడట. రోజూ గేటు దగ్గర విన్న ప్రశ్నే. పెద్దరాములు రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి.

"ఏం లేదు సార్. సూస్కోరి."

ఇది ఆయన తర్వాత చెప్పిన మాట. అబద్ధం చెప్పాలని కాదట. ఆ ప్రశ్న వింటే నోరు ఆ జవాబే చెబుతుందట. నన్నడిగినా నేనూ అదే చెప్పేవాణ్ణి. పైగా పన్ను ఎన్నాళ్లుగానో నోట్లో ఉంది. దాంతో జొన్నరొట్టె నమిలాడు, మేక బొక్కలు కొరికాడు. అది ఇనుమన్న ఆలోచనే ఆయనకు లేదు. పన్ను పన్నే.

బయటికి వచ్చి, లోపల మన ఇసుక దులిపే మిషన్ కంటే ఎక్కువ మోత అన్నాడు. ఎడమ దవడ కొంచెం గుంజినట్టయిందన్నాడు. ఏమో, రోగం ఉంటే అక్కడ పట్టుకుంటదేమో అని ఇద్దరం అనుకున్నాం.

రిపోర్టు వచ్చింది. మెడలో ఎడమ పక్క నుంచి మెదడుకు పోయే పెద్ద రక్తనాళం, మా మాటలో నరం, దవడ ఎత్తున కనబడటం లేదు, మూసుకుపోయిందా అని అడిగినట్టుగా రాసి, ఇంకో పరీక్ష చేయించి చూడండి అని కింద రాశారట. వాళ్లు పెట్టింది ప్రశ్న. ఆ ప్రశ్న వ్యాను దిగేలోపే రాలిపోయింది. కంపెనీ డాక్టరు మూసుకుపోయినట్టుంది అన్నాడు. నరసింహమూర్తి గారు మేనేజరుతో మూసుకుపోయింది అన్నారు. క్యాంటీన్‌లో అది ఎండిపోయింది. సాయంత్రం బస్సులో కర్దనూరు చేరేసరికి పెద్దరాములు మెడ నరం తెగిపోయి, డాక్టర్లు దారంతో కట్టారని అయింది.

అన్నిటికంటే విచిత్రం, పెద్దరాములు కూడా నమ్మాడు. పెదవి తానే మూశానని ఆయనకు తెలుసు. కానీ ఫోటో అబద్ధం చెప్పదు కదా. ఎడమ పెదవి అన్నారు, ఎడమ నరమే పోయింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి రెండు పక్కలా నవ్వి చూశాడట. ఇన్నేళ్లు మూసిన పెదవి, పైగా భయం, ఎడమ పక్క సరిగ్గా లేవలేదట. కౌసల్యను పిలిచి, చూడు లేస్తున్నదా అని అడిగాడు. ఆమె దీపం దగ్గరికి తెచ్చి చూసి, "నువ్వు నవ్వంగ నేనెప్పుడు సూసిన? నాకేం ఎర్క?" అందట.

చూడటానికి చుట్టాలు బత్తాయిలు తెచ్చారు. తల ఊపితే నరం కదులుతుందని ఒకాయన చెప్పిపోయాడు. దాంతో పెద్దరాములు నెత్తి మీద నీళ్లబిందె ఉన్నట్టు నడవసాగాడు. ఎవరైనా పిలిస్తే తల తిప్పేవాడు కాదు, మనిషంతా తిరిగేవాడు.

కంపెనీలో ఆయనకు తేలిక పని అని ఆఫీసు ముందు గులాబీ మొక్కలకు నీళ్లు పట్టే పని ఇచ్చారు. కరిగిన ఇనుమును ఎత్తిన చెయ్యి, నీళ్ల పైపు పట్టుకుంది. పైపు చివర కూడా ఆయన మెల్లగా, మొక్క మొదట్లో ఆనించి దించేవాడు. అక్కడి నుంచి షెడ్డు తలుపులోంచి క్రేను కనబడేది. నీళ్లు ఒకే మొక్కకు పోతూ ఉండేవి, ఈయన కళ్లు పైన ఉండేవి.

పైన ఇప్పుడు ఎల్లయ్య. కుర్రతనం దాటలేదు, చెయ్యి దుడుకు. అతను ఎత్తిన బరువు ఉయ్యాల ఊగేది. మేం తాడు కట్టగానే స్తంభాల వెనక్కి పోయి నిలబడేవాళ్లం. పెద్దరాములు ఎప్పుడు ఎక్కుతాడా అని ఆయనకంటే మాకే ఆత్రం ఎక్కువ.

ఒకరోజు నరసింహమూర్తి గారు గులాబీల దగ్గరికి వచ్చి "రాములు గారూ" అన్నారు. ఆ "గారూ" పక్కనే ఉన్న నేనూ విన్నాను. నెలాఖరులోగా పెద్ద డాక్టరుకు చూపిద్దాం, నరం బాగుందని ఆమె రాసిస్తే క్రేను మీదే, లేకపోతే లెక్క తేల్చి ఇంటికి పంపక తప్పదు, ఎల్లయ్యను పక్కా చేస్తాం, ఆ మాట నేను స్వయంగా వినాలి కనుక నేనూ వస్తాను అన్నారు. పెద్దరాములు తల ఊపబోయి, నరం గుర్తొచ్చి ఆగి, నోటితో సరే అన్నాడు. కుడి పక్క నుంచి.

హైదరాబాదులో పెద్ద ఆసుపత్రి. మెదడు జబ్బుల డాక్టరు పేరు హైమావతి. పొట్టిగా, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని ఉంది. గదిలో పెద్దరాములు, కౌసల్య, మూర్తిగారు, తలుపు పక్కన నేను. ఆమె ఫిల్ములు వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది. చెయ్యి, కాలు ఎప్పుడైనా పడిపోయిందా, మాట తడబడిందా అని అడిగింది. ఏదీ లేదు. మెడ రెండు పక్కలా గొట్టం పెట్టి విన్నది. తర్వాత అందరు డాక్టర్లలాగే పళ్లు చూపించమంది.

మూర్తిగారి కుర్చీ మూరెడు దూరంలో ఉంది. పెద్దరాములు కుడి పక్క చూపించాడు.

"ఎడమ పక్క కూడా ఎత్తండి."

"గంతే వస్తదమ్మా."

డాక్టరమ్మ ఫిల్ము చూసింది, ముఖం చూసింది. మెదడులో ఎడమ భాగం మన ఒంట్లో కుడి పక్కను నడిపిస్తుందని, ఎడమ నరం మూసుకుపోతే కుడి పక్క పడిపోవాలని, ఈయనకు పడిపోయింది ఎడమ పక్క అని మూర్తిగారికి వివరంగా చెప్పింది. రెండూ కలవడం లేదంది.

పెద్దరాములు తనదే తప్పన్నట్టు కూర్చున్నాడు. "అయితే కుడిది బంద్ జెయ్యాల్నా అమ్మా?" అని అడిగాడు.

ఆమె ఫిల్ము మీద వేలు పెట్టింది. "ఇక్కడ నరం ఒక్కటే కాదు. ఎడమ దవడ కూడా కనబడటం లేదు. సగం నాలుక కూడా లేదు."

"నాలుకేం పోలేదమ్మా," అంది కౌసల్య. "ఇంట్ల మంచిగనే నడుస్తున్నది."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. ఫిల్ము మాకందరికీ కనబడేలా తిప్పింది. దవడ దగ్గర గుండ్రంగా నల్లటి మచ్చ ఉంది. బొగ్గు ముద్ర వేసినట్టు. నరం కింది నుంచి తెల్లగా వచ్చి మచ్చలోకి పోయి, మచ్చ దాటాక మళ్లీ తెల్లగా, అంతే లావుగా పైకి పోతోంది. మచ్చ కింద ఉన్నది ఏదీ కనబడటం లేదు, నరమైనా ఎముకైనా. లోహం దగ్గర్లో ఉంటే ఈ మిషన్ ఫోటో ఇలాగే చెడిపోతుందని, అప్పుడు బాగున్న నరం కూడా మూసుకుపోయినట్టే కనబడుతుందని చెప్పి, సూటిగా అడిగింది.

"నోట్లో ఇనుము ఏమైనా ఉందా?"

పెద్దరాములు రెండు చేతులూ పైకి లేచాయి. "ఏం లేదమ్మా."

ఆ చేతులు ఎక్కడ లేచేవో మూర్తిగారికి తెలుసు. రోజూ సాయంత్రం తన కిటికీలోంచి చూసే చేతులవి. ఆయన మెల్లగా కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పెద్దరాములు చేతులు దించడం మరిచిపోయి అలాగే ఉన్నాడు.

కౌసల్య అటు చూసింది, ఇటు చూసింది. "చెప్పు," అంది మొగుడితో.

"క్రేన్ పోతదే."

"గిట్లయినా పోతది, గట్లయినా పోతది. చెప్పి పోతే బత్తాయిలు తెచ్చెటోళ్లన్న ఇంటికి రారు. నాకు నిద్రన్న వడ్తది."

పెద్దరాములు చేతులు దించాడు. మూర్తిగారి వైపు చూశాడు. తర్వాత, పైన గూట్లో కూర్చుని నవ్వినట్టే, నోరంతా తెరిచాడు. ట్యూబులైటు వెలుగులో పన్ను మెరిసింది. డాక్టరమ్మ టార్చిలైటు వేసి చూసింది. చాలా నున్నగా ఉంది, ఎవరు చేశారు అని అడిగింది. ఆ ప్రశ్న నేల మీద పడింది, ఎవరూ తీసుకోలేదు. మూర్తిగారు కూడా వంగి నోట్లోకి చూశారు. వెనక్కి ఆనుకున్నారు.

మరి కళ్లు తిరగడం సంగతేమిటి అని డాక్టరమ్మ తనకు తానే అనుకుని, పెద్దరాములును మంచం మీదికి ఎక్కమంది. తల పట్టుకుని ఒక పక్కకు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టింది. అప్పటిదాకా నెత్తి మీద బిందె మోసినట్టు ఉన్న మనిషి అరిచాడు. షెడ్డు తిరిగినట్టే గది తిరిగింది. ఎల్లయ్య క్రేను నడుపుతున్నాడనుకున్నాడు.

"ఆపురా ఎల్లిగా. క్రేన్ నడుపుడు ఆపు. గోడకు కొడ్తవ్."

చేతికి దొరికింది పట్టుకున్నాడు. దొరికింది మూర్తిగారి చొక్కా జేబు. అది చిరిగి చేతిలోకి వచ్చింది, పెన్నుతో సహా. డాక్టరమ్మ అదేమీ పట్టించుకోకుండా ఆయన కళ్లలోకి చూస్తోంది. నల్లగుడ్లు గడగడా కొట్టుకుంటున్నాయి. ఆమెకు చాలా సంతోషంగా ఉంది.

"ఇదే జబ్బు. మెదడులో కాదు, చెవిలో."

చెవి లోపల ఇసుకలాంటి పలుకులు ఉంటాయట. అవి తమ చోటు వదిలి పక్కకు జరిగితే తల వంచినప్పుడల్లా కళ్లు తిరుగుతాయట. రోజంతా గూట్లోంచి కిందికి వంగి చూసే మనిషికి అది బాగా తెలిసివస్తుంది. ఆమె తల ఇంకో పక్కకు తిప్పి కాసేపు ఉంచింది, తర్వాత మనిషిని పక్కకు దొర్లించింది, లేపి కూర్చోబెట్టింది. కాసేపాగి మళ్లీ వెనక్కి పడుకోబెడితే ఈసారి గది కదలలేదు. మందు లేదు, సూది లేదు. మేం ఇసుక అచ్చును దులిపినట్టు దులిపింది, అంతే.

మూర్తిగారు జేబు చేత్తో పట్టుకుని, అయితే ఈయన క్రేను ఎక్కొచ్చా అని అడిగారు. నరం బాగుందనే నా నమ్మకం, కానీ నమ్మకం మీద ఎవరినీ అంత ఎత్తుకు ఎక్కించను అంది ఆమె. పన్ను తొడుగు తీయించి మళ్లీ స్కానింగ్ చేయించండి, నరం కంటికి కనబడితే రాసిస్తాను.

తిరిగొచ్చేటప్పుడు వ్యాను లింగంపల్లి దాటింది. అప్పుడు మూర్తిగారు "రాములు గారూ" అన్నారు. కౌసల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"డాక్టరు గారి గదిలో విన్న సంగతి బయట చెప్పకూడదని అంటారు. అది డాక్టర్లకేనా, నాకు కూడానా అని ఆలోచిస్తున్నాను." చిరిగిన జేబు వైపు చూసుకున్నారు. "నాకూ అనే అనిపిస్తోంది. ఆ తొడుగు మాత్రం ఊడాక మన స్క్రాపులో పడాలి. నేను చూస్తాను."

పెద్దరాములు ఇంకా భయంగానే, "నరం కనవడ్తే ఎక్కనిస్తరా సారూ?" అన్నాడు.

"కనబడితే ఎక్కుదురు గాని."

ఇక తొడుగు తీయాలి. పటాన్‌చెరు పళ్ల డాక్టరు పట్టుకారు పెట్టి లాగాడు, రాలేదు. సుత్తితో తట్టాడు, రాలేదు. కబురు ఫ్యాక్టరీకి వచ్చింది. సూర్యారావు ముఖం వెలిగిపోయింది.

"నేను కొట్టిన ఫిట్టింగండీ అది. ఊడమంటే ఎలా ఊడుద్ది?"

తర్వాత అది ఊడకపోతే పెద్దరాములు క్రేను ఎక్కలేడని గుర్తొచ్చి, సాయం చేస్తానని తానే వెళ్లాడు. కొంచెం వేడి చేస్తే వదులవుతుందన్నాడు. పెద్దరాములు కుర్చీలోంచి లేచిపోయాడు. బేరింగు లాగే మరలాంటిది చిన్నది చేసుకొస్తానన్నాడు. చేసుకొచ్చాడు కూడా. దాని కొక్కేలు వంగిపోయాయి, తొడుగు కదలలేదు. చివరికి డాక్టరే సన్న రాయి పెట్టి నిలువునా కోశాడు. రాళ్లు అరిగిపోతుంటే మార్చుకుంటూ కోశాడు. తొడుగు రెండు చెక్కలై గిన్నెలో పడినప్పుడు పెద్దరాములు ఊపిరి పీల్చుకున్నాడు. సూర్యారావు ఆ రెండు చెక్కలను అరచేతిలో పెట్టుకుని చావు ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. మర్నాడు వాటిని స్క్రాపు తొట్టిలో వేస్తుంటే మూర్తిగారు వచ్చి నిలబడి చూశారు. సూర్యారావు వెయ్యలేక వెయ్యలేక వేశాడు.

రెండోసారి స్కానింగ్‌కు పోయినప్పుడు పెద్దరాములు ఎవరినీ నమ్మలేదు. చీటీ రాసేవాడికి నోరు తెరిచి చూపించాడు, బట్టలు మార్పించే ఆయాకు చూపించాడు, ఊడ్చే మనిషికి కూడా చూపించాడు. ఇనుము లేదు, చూడండి, బాగా చూడండి అని. వాళ్లు పళ్లాసుపత్రి పక్క వీధి అన్నారు.

ఆ ఫిల్ములో మచ్చ లేదు. నాలుక మొత్తం ఉంది. నరం మెడ కింది నుంచి మెదడు దాకా ఎక్కడా తెగకుండా, తెల్లగా, నిండుగా పోయింది. కౌసల్య దాన్ని వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసి, "ఇంత సక్కటి నరం పెట్టుకొని నెల దినాలు సచ్చినోని లెక్క నడిస్తివి గదా," అంది. హైమావతి డాక్టరమ్మ క్రేను ఎక్కొచ్చని రాసిచ్చింది. మొదటి వారం తల మెల్లగా వంచమని, మళ్లీ తిరిగితే వెంటనే దిగిరమ్మని చెప్పింది.

పెద్దరాములు మళ్లీ ఎక్కే రోజు షెడ్డులో పని ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. కొలిమి దగ్గరివాళ్లు వచ్చారు, లేతు దగ్గరి నుంచి సూర్యారావు వచ్చాడు, మూర్తిగారు చీటీ చదివి తలుపు దగ్గర నిలబడ్డారు. పెద్దరాములు నిచ్చెన పట్టుకున్నాడు. సగం ఎక్కి ఆగాడు. మేం కింద కదలకుండా ఉన్నాం. ఆయన తల మెల్లగా వంచి కిందికి చూశాడు, ఎడమ పక్కకు ఒకసారి, కుడి పక్కకు ఒకసారి. ఏదీ తిరగలేదు. మిగతా మెట్లు ఎక్కి గూట్లో దూరి తలుపేసుకున్నాడు.

కాసేపు ఏమీ జరగలేదు. కదిలే ముందు కొట్టే గంట మోగలేదు, క్రేను కదలలేదు. మళ్లీ కళ్లు తిరిగాయేమో అనుకున్నాను. మూర్తిగారు రెండడుగులు లోపలికి వేశారు. నేను చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "అన్నా, ఏమైందే?" అని అరిచాను.

గూట్లోంచి తల బయటికి వచ్చింది.

"ఏమైందంటవేందిరా? గీ ఎల్లిగాడు సీటు ఇంత కిందికి గుంజిండు, లివర్ల మీద ఉల్లిగడ్డ పొట్టు వోసిండు, కాళ్లకాడ బీడీ ముక్కలు. ఇది క్రేనా, కల్లు దుకాణమా? ఒక గుడ్డ పంపు పైకి. నువ్వేంది నోరు దెర్సుకొని సూస్తున్నవ్, తాడు గట్టు."

తాడు కట్టాను.